బండి ఎక్కడ పెట్టుకోవాలి?

ఈసారి పార్కింగు గురించి రాస్తామంటే మా మిత్రుడొకాయన నవ్వాడు. "భూమి సంగతి తేలలేదు. కూలి రేట్ల సంగతి తేలలేదు. శవాన్ని మోసుకుపోడానికి శ్మశానం దారి లేదు. మీకిప్పుడు కార్లు పెట్టుకునే చోటు కావాల్సొచ్చిందా మాష్టారూ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలి గదా, అందుకే రాస్తున్నాం.

ముందు కారు గురించి కాదు, ఒక పాత మోపెడ్ గురించి చెబుతాం. మా పల్లెలో ఒకాయన మామిడి కాయ కోస్తాడు. చిక్కం కర్ర మోపెడ్‌కి కట్టుకుని తెల్లారగట్ల నాలుగింటికే తోటకి పోతాడు. చిన్నరసాలు గానీ పెద్దరసాలు గానీ, కాయకి దెబ్బ తగలకుండా, తొడిమ ఊడకుండా దించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఫైనాన్సులో కొన్న సెకండ్‌హ్యాండ్ బండి అది. ఒకరోజు పని మీద పట్నం పోయాడు. ఒక కొట్టు ముందు బండి ఆపితే కొట్టాయన "తియ్, తియ్, బేరాలొచ్చే చోటు" అని కసిరాడు. ఇంకో కొట్టు ముందు గొలుసు కట్టి ఉంది. మూడో చోట "ఇక్కడ బండ్లు నిలపరాదు" అని బోర్డు. చివరికి సందు మొగలో కాలవ గట్టున పెట్టి పోయాడు. అరగంటలో తిరిగొచ్చేసరికి బండి లేదు.

కంప్లయింటు ఇవ్వబోతే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "అక్కడెందుకు పెట్టావ్?"

ఇంకా ఏడు నెలల వాయిదాలు కట్టాలి. మర్నాడు ముఠా మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. తెల్లారగట్ల తోటకి చేరలేనివాడికి సీజన్‌లో పనెవడిస్తాడు? మన ప్రాంతంలో మామిడి సీజనంటే రెండు మూడు నెలలు. ఏడాదంతా తినే గింజలు ఆ మూడు నెలల్లోనే. తోట ఆసామికి కౌలుంది, కాపు కొన్న వ్యాపారికి మార్కెట్టుంది. కోసేవాడికి ఉన్న ఆస్తి ఆ చిక్కం కర్ర, ఆ మోపెడ్. సగం ఆస్తి కాలవ గట్టున పోయింది.

"అక్కడెందుకు పెట్టావ్?" అన్న ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. ఎక్కడ పెట్టాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. కారున్నవాడు రోడ్డు మీదే ఆపి ఇండికేటరు వేసి పోతాడు, ఎవరూ కసరరు. పార్కింగు అనేది కార్లవాళ్ళ గొడవ అని మనం వదిలేస్తే దెబ్బ తినేది మనమే. ఇదీ మా మిత్రుడికి మా జవాబు. ఇక వివరంగా మాట్లాడుకుందాం.

సైకిలు దిగిన రోజులు

మేము చదువుకునే రోజుల్లో మా నాన్న రెండు కాపులు తోటల్లో కాపలా కాసి మాకొక పాత సైకిలు కొనిచ్చాడు. మా ఇంట్లో పట్నం కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. పల్లె దాటి ఊళ్ళోకి రాగానే అరుగు మీద కూర్చున్న పెద్దల ముందు సైకిలు దిగి నడిపించుకుపోవాలి. చట్టం కాదు, కాగితం లేదు, అయినా దిగాలి. పట్నం చేరాక స్టాండు. నీడ పట్టున షెడ్డు కింద కొందరి సైకిళ్ళు, ఎండలో ముళ్ళకంప పక్కన మనవాళ్ళవి. తీసుకునే పైసలు మాత్రం ఒకటే. సాయంత్రానికి ట్యూబు పేలిపోయేది. "ఎండకి పేలింది, నన్నేం చెయ్యమంటావ్?" అనేవాడు స్టాండువాడు. ఎండలో పెట్టిందెవరు?

ఇది చిన్న విషయమని అప్పుడనుకున్నాం. కాదు. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. దాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లోకొచ్చింది. అందులో ఏం రాశారో చూడండి. దళితుణ్ణి గానీ ఆదివాసీని గానీ బహిరంగ స్థలంలో సైకిలు, మోటారు సైకిలు ఎక్కనీయకపోతే, చెప్పులు వేసుకోనీయకపోతే, పెళ్ళి ఊరేగింపు తియ్యనీయకపోతే అది నేరం. పార్లమెంటు కూర్చుని సైకిలు అనే మాటని చట్టంలో రాయాల్సొచ్చింది. మనం దిగిన సైకిలు అంత పెద్ద విషయమన్నమాట.

రోడ్డెవరిది?

మన పోరాటాల్లో చాలా భాగం బహిరంగ స్థలాల దగ్గరే మొదలయ్యాయి. 1927లో అంబేడ్కర్ మహాద్‌లో చెరువు నీళ్ళు ముట్టుకున్నారు. 1985లో కారంచేడు గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర పుట్టింది. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర పుట్టింది. చెరువు, హాలు, దారి. పదిమందీ వాడుకునే చోట మనం కూడా పదిమందిలో ఒకళ్ళమా కాదా అన్నదే ప్రశ్న.

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1924లో రెట్టమలై శ్రీనివాసన్ శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించాడు. ప్రభుత్వ దారుల్లో, వీధుల్లో, బావుల దగ్గర, కచేరీల్లో అంటరానివాళ్ళని ఆపరాదని ఆ తీర్మానం సారాంశం. అంటే నూరేళ్ళ కింద మనం రోడ్డు మీద నడిచే హక్కు కోసం శాసనసభలో కొట్లాడాం. ఆ తర్వాత రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, బహిరంగ స్థలాలు కులం పేరుతో ఎవరికీ అడ్డుపెట్టరాదని రాసుకున్నాం.

నడిచే హక్కు వచ్చింది. నిలబడే హక్కు సంగతేమిటి? రోడ్డు మీద పోవచ్చు గానీ ఆగకూడదంటే అది సగం హక్కే. ఆసుపత్రికొచ్చినవాడు, తహశీల్దారు ఆఫీసుకొచ్చినవాడు, ట్రిపుల్ ఐటీలో చదివే బిడ్డని చూడొచ్చిన తల్లిదండ్రులు, వీళ్ళంతా ఎక్కడో ఒకచోట ఆగాలి గదా. నూజివీడు పేరున్న రైల్వే స్టేషను ఊళ్ళో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. మన చుట్టుపక్కల పల్లెల్లో బస్సు తిరగని దారులు ఎన్నో. అందుకే ఇక్కడి కూలీకి మోపెడ్ సోకు కాదు, కాళ్ళకింద చెప్పు లాంటిది. మీర్జాపురం నుంచైనా తుక్కులూరు నుంచైనా పట్నానికొచ్చేవాడు బండేసుకుని వస్తాడు. పట్నం వాడి కాయ తింటుంది, వాడి చాకిరీ తీసుకుంటుంది. వాడి బండికి ఆరడుగుల చోటివ్వడానికి మాత్రం గొణుగుతుంది.

ఇది దయ కాదు, పని. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ పాలకసంస్థల పనులు వరస పెట్టి రాశారు. 17వ అంశం చదవండి: వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు. దీపం, పాయిఖానా, బస్టాపు, బండి ఆపే చోటు ఒకే వరసలో ఉన్నాయి. దీపం వెలగలేదని అడుగుతాం. మరి ఇది ఎందుకు అడగం?

చోటు ఎవరు తిన్నారు?

"రోడ్లు ఇరుకు, ఎక్కడ ఇస్తాం?" అంటారు. ఇరుకన్నది నిజమే. ఎందుకు ఇరుకయిందో కూడా చెప్పుకోవాలి.

మన పట్నాల్లో కాంప్లెక్సు కట్టేవాడు ప్లాను పాసయ్యేటప్పుడు సెల్లారు పార్కింగుకని చూపిస్తాడు. కట్టాక ఆ సెల్లారుకి షట్టర్లు బిగించి కొట్లకో గోడౌనుకో అద్దెకిస్తాడు. అద్దె జేబులోకి, కార్లు రోడ్డు మీదకి. తర్వాత ట్రాఫిక్ జామ్ అని పేపర్లో వార్త. తర్వాత ఒక పొద్దున జీపులొచ్చి తోపుడు బళ్ళు లాగేస్తాయి. సెల్లారు తిన్నవాడు సుబ్బరంగా ఉంటాడు, జామకాయలమ్ముకునే అమ్మ బండి లారీ ఎక్కుతుంది. పార్కింగు సమస్యకి మనం చూసే పరిష్కారం ఇదే. ఆ తోపుడు బండి ఎవరిదో, సెల్లారు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

లెక్క కట్టి చూద్దాం. పట్టణ ప్లానుల్లో ఒక కారు ఆపడానికి, తిప్పుకునే దారితో కలిపి, బయలులో 23 చదరపు మీటర్లు లెక్కేస్తారు. ఆ చోటులో సైకిళ్ళు ఎన్ని పడతాయో మన స్కూలు పిల్లలని అడిగినా చెబుతారు. రోడ్డు పక్కన ఊరికే ఆగిన కారయినా మూడు నాలుగు తోపుడు బళ్ళ చోటు తింటుంది. ఒక బండి మీద ఒక కుటుంబం బతుకుతుంది. ఆ కారు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పైసా కట్టకుండా నిద్రపోతుంది. పది రూపాయల ఆశీలు కట్టేది మాత్రం బండి అమ్మే!

మేము కొత్తగా చెబుతున్న మాట కాదిది. కేంద్ర ప్రభుత్వం 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. పార్కింగు రుసుము ఆ నేల విలువకి తగ్గట్టు ఉండాలనీ, చోటు ఇవ్వడంలో బస్సులకీ సైకిళ్ళ లాంటి మోటారు లేని బళ్ళకీ ముందు పీట వెయ్యాలనీ అందులో ఉంది. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం పెట్టుకునే చోటుందని రుజువు చూపాకే కారు రిజిస్టరవుతుంది. మన దగ్గర కారు కొన్నవాడికి రోడ్డు కట్నంగా వస్తుంది.

తోపుడు బళ్ళ సంగతి కూడా చట్టంలోనే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తర్వాత కూడా ముప్పయ్ రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. దళితులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. కనుక పార్కింగు గీతలు గీసే ముందు ఈ కమిటీని కూర్చోబెట్టారా అని అడగండి.

"మా బాధ్యత కాదు"

ఇక డబ్బులు తీసుకునే స్టాండ్ల మాట. పాట పెడతారు, కాంట్రాక్టరు పాడుకుంటాడు. వాడు పెట్టినదానికి రెండింతలు లాగాలనుకుంటాడు. బోర్డు మీద ఒక రేటు, చేతిలో ఇంకో రేటు. చీటీ వెనకాల సన్న అక్షరాలతో ఒక మాట: "బండి పోయినచో మా బాధ్యత లేదు." మరి దేనికయ్యా డబ్బులు? బండిని చూసి ఆనందించినందుకా?

ఈ మాట చూసి మనవాళ్ళు భయపడి వెనక్కి తిరుగుతారు. భయపడొద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఒకడి వస్తువు అప్పగింతగా తీసుకున్నవాడు దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలి. తాళం చెవి అప్పగించిన కారు పోయిన ఒక హోటలు కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పిచ్చింది. యజమానిదే బాధ్యత అని చీటీ మీద అచ్చేసుకున్నంత మాత్రాన, తన నిర్లక్ష్యం వల్ల బండి పోతే హోటలు తప్పించుకోలేదని చెప్పింది. అది పెద్ద హోటలు, పెద్ద కారు, తాళం కూడా అప్పగించారు. తాళం మన జేబులోనే ఉన్న స్టాండులో ప్రతి కేసూ అట్లాగే తేలుతుందని మేము చెప్పం. కానీ డబ్బు తీసుకుని, చీటీ ఇచ్చి, చీటీ చూడకుండా బండి బయటికి వదిలినవాణ్ణి నిలదీయడానికి ఆధారం ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. సేవకి మనం ఇచ్చిన డబ్బు అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. అందుకని చీటీ పారెయ్యొద్దు. చీటీ ఇవ్వని చోట పైసా ఇవ్వొద్దు.

బండి పోతే ఇంకో సంగతి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, అదే నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షను ప్రకారం దొంగతనం ఏ స్టేషను హద్దులో జరిగినా ఏ స్టేషనులోనైనా కంప్లయింటు ఇవ్వొచ్చు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఊరికే ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే ఇన్సూరెన్సు డబ్బులు అడగలేం. "అక్కడెందుకు పెట్టావ్?" అని అడిగితే నోరు మూసుకుని వచ్చెయ్యకండి. తప్పుచోట పెట్టిన బండినైనా దొంగిలిస్తే దొంగతనమే. తప్పుచోట పెడితే జరిమానా వెయ్యొచ్చు గానీ కంప్లయింటు వద్దనే హక్కు ఎవరికీ లేదు.

స్టాండులో చీటీలు చింపే కుర్రాడి మీద మన కోపం చూపకూడదు. వాడూ మనవాడే. పొద్దుట్నుంచి రాత్రి దాకా ఎండలో నిలబడతాడు. కాంట్రాక్టరు లాభం వేరు, వాడి జీతం వేరు. మన కొట్లాటలో వాడికి కనీస వేతనం, తలమీద నీడ కూడా భాగం కావాలి.

మనలో మనకొచ్చే ప్రశ్న

"మనవాళ్ళకీ కార్లొచ్చాయి, ఆటోలొచ్చాయి. కార్లకి డబ్బులు కట్టమంటే మనమీదే పడుతుంది గదా?" అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. నిజం. లోను తీసుకుని ట్యాక్సీ తిప్పుకునేవాడు మన పల్లెల్లోనూ ఉన్నాడు. అతనికి ఇల్లు గడిచేది బండి తిరిగితేనే. ఆటో, ట్యాక్సీలకు స్టాండు వేరుగా చూపించాలి, దానికి నెలవారీ చిన్న రుసుము చాలు. గంటల తరబడి సొంత కారు నిద్రపుచ్చే వాళ్ళే గంట లెక్కన కట్టాలి. అందులో మనవాడుంటే మనవాడూ కట్టాలి. పల్లెలో పుట్టినంత మాత్రాన తోపుడు బండి చోటు తినే హక్కు రాదు. అన్నీ ఉచితం చెయ్యమని అడిగితే ముందొచ్చిన కార్లే నింపేస్తాయి, తోటపని చేసుకుని పదింటికి వచ్చేవాడికి మళ్ళీ కాలవ గట్టే గతి.

అమెరికాలో నల్లవాళ్ళ కథ ఒకటి చెప్పుకోవాలి. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ పట్నంలో బస్సుల్లో వెనక సీట్ల అవమానం భరించలేక బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు. వేలమంది పనులకి ఎట్లా పోయారు? కార్లున్నవాళ్ళు లేనివాళ్ళని ఎక్కించుకున్నారు. ఆ బళ్ళన్నీ కలుసుకునే ముఖ్యమైన చోటు ఏమిటో తెలుసా? పట్నం నడిబొడ్డున ఒక నల్లాయన నడిపే పార్కింగు స్థలం. పోలీసులు డ్రైవర్ల మీద చలానాలు రాసి రాసి విసిగించారు. అయినా ఆ చోటు నిలబడింది, ఉద్యమం నిలబడింది. బండి ఆపుకునే జాగా మనది అయితే ఏం చెయ్యొచ్చో వాళ్ళు చూపించారు.

మనం అడగాల్సినవి

బస్టాండు, ప్రభుత్వాసుపత్రి, తహశీల్దారు ఆఫీసు, రైతుబజారు దగ్గర సైకిళ్ళకి ఉచితంగా స్టాండు కావాలి. పైన రేకు, కింద గొలుసు వేసుకోడానికి పాతిన ఇనుప కడ్డీ, రాత్రి లైటు ఉండాలి. మోపెడ్లకి నామమాత్రం రుసుము, అదీ తెలుగులో పెద్దక్షరాల బోర్డు పెట్టి, నంబరు వేసిన చీటీ ఇచ్చి. వికలాంగుల మూడు చక్రాల బళ్ళకి గేటు పక్కనే చోటివ్వాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా బస్టాండ్లలో అలాంటి చోటు గురించి చెప్పింది. మామిడి సీజన్‌లో కూలీల ఆటోలకీ ట్రాక్టర్లకీ తాత్కాలికంగా ఒక బయలు చూపించాలి.

ఆడవాళ్ళ సంగతి మరువద్దు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితమయింది. కొట్లలో, ఆసుపత్రుల్లో పనిచేసే మన ఆడపిల్లలు రోడ్డు మీది స్టాపు దాకా సైకిలేసుకొచ్చి బస్సెక్కుతున్నారు. రాత్రి ఎనిమిదింటికి దిగి చీకట్లో సైకిలు వెతుక్కుంటున్నారు. ఆ స్టాపు దగ్గర ఒక దీపం, ఒక కాపలా మనిషి కావాలి. ఆ స్టాండ్లని కాంట్రాక్టర్లకి పాటలో పాడటం మాని మన మహిళా సంఘాలకి అప్పగించమనండి. చీటీ డబ్బు వాళ్ళ చేతికొస్తుంది, కాపలా కూడా నిజంగా ఉంటుంది.

చెయ్యాల్సింది ఇది. ఒక సంత రోజున నలుగురు కుర్రాళ్ళు పెద్ద గాంధీబొమ్మ సెంటరు నుంచి బస్టాండు దాకా నోటుబుక్కు పట్టుకుని నడవండి. కార్లెన్ని, మోపెడ్లెన్ని, సైకిళ్ళెన్ని, తోపుడు బళ్ళెన్ని, గొలుసులు కట్టిన కొట్లెన్ని, షట్టర్లేసిన సెల్లార్లెన్ని లెక్క రాయండి. తర్వాత 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టండి: పట్నంలో పార్కింగుకి కేటాయించిన స్థలాలేవి, ఎవరికి ఎంతకి పాటలో ఇచ్చారు, షరతులేమిటి, ఏ కాంప్లెక్సుల ప్లానులో సెల్లారు పార్కింగుకని ఉంది. ముప్పయ్ రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి రుసుము లేదు. మన లెక్క ఒక చేత్తో, వాళ్ళ జవాబు ఇంకో చేత్తో పట్టుకుని వార్డు మెంబరు దగ్గరికి, కమిషనరు దగ్గరికి పోదాం. తోపుడు బండి అమ్మని, ఆటో తమ్ముణ్ణి, స్టాండు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పోదాం.

మా పల్లెలో ఆయన ఈ సీజన్‌లో మళ్ళీ సైకిలెక్కాడు. చిక్కం కర్ర భుజాన వేసుకుని మూడింటికే లేచి పోతున్నాడు, మోపెడ్ మీదయితే నాలుగింటికి లేచేవాడు. పోయిన బండికి వాయిదా ఇంకా కడుతున్నాడు. ఆ పోయిన గంట నిద్ర ఎవరు తిరిగిస్తారు? అది అడగడానికే ఈ వ్యాసం. నోటుబుక్కులు తియ్యండి.